దోమయు, బోదకాలును, మన గృహములును

తొలకరి చినుకు పడిన సాయంకాలమున దీపము పెట్టినంతనే మన యిండ్లలోనికి పిలువని చుట్టములు వచ్చి చేరును. ఉసిళ్లు దీపముచుట్టు మూగును. గూనపెంకుల సందులనుండి తేలు జాఱిపడును. పొయ్యిచెంత జెఱ్ఱి ప్రాకును. మంచపుకోళ్లలో నల్లులు, ధాన్యములో ముక్కుపురుగులు, పెట్టె యడుగున చెదలు, చూరులో ఎలుకలు - ఉష్ణదేశమున కాపురము చేయువారికి వీనితోడి పొత్తు తప్పునది కాదు. వీనిలో మనము ఎక్కువ భయపడునది తేలునకు. ఎక్కువ సిగ్గుపడునది నల్లికి. ఎక్కువ దుఃఖించునది పుస్తకములను తినివేయు చెదలకు. దోమను మాత్రము చేతితో నొకమాఱు తోలి మఱచిపోవుదుము. మన భయమునకును, మనకు కలుగు హానికిని పొంతన లేదని చరిత్రము చూపుచున్నది. ఆ చరిత్రమును, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యను మూడు పట్టణముల యిండ్లను కన్నులముందుంచుకొని, చదువరులకు మనవి చేయుచున్నాము.

మొదట మన పెద్దల యెఱుకను గూర్చి రెండు మాటలు. ఈ ప్రాంతపు గృహిణులు పురుగులతో తరతరములుగా పోరాడిన విధము తక్కువది కాదు. మట్టియింటిని పేడతో నలికినచో నేల బీటలు పూడి, చీమలకును జెఱ్ఱులకును చోటు తగ్గును. ధాన్యమును మండుటెండలో నాఱబెట్టి, వేపాకు కలిపి గుమ్మికెత్తుదురు. తేమ తగ్గిన గింజలో పురుగు పెరుగుట కష్టము. పప్పుగింజలకు బూడిద పట్టింతురు. ఆ సన్నని పొడి పురుగు దేహముపై నుండు మైనపు పొరను గీకివేసి దాని నెండించి చంపునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నులకమంచములను వేసవిలో ముంగిట నిలువబెట్టి, కీళ్లలో మసలుచున్న నీరు పోయుదురు. నల్లియు, దాని గ్రుడ్లును వేడికి తాళవు. ఇవి మూఢాచారములు కావు. చదువురాని శాస్త్రము.

అయితే ఈ యుపాయములన్నియు ఇంటిలో పుట్టి, ఇంటిలో పెరుగు పురుగులకు చెల్లును. దోమ అట్టిది కాదు. సంధ్యవేళ వేపాకుపొగ వేసినచో అది చచ్చుట లేదు. పొగ తగ్గువఱకు పొరుగింటికి పోయి మరల వచ్చుచున్నది. మనము పొగ వేసిన నాడు అది పొరుగువాని పాలు. పొరుగువాడు వేసిన నాడు మన పాలు. దాని పుట్టుక పొగ పోవుచోట లేదు, నిలువనీటిలో నున్నది. ఈ యొక్క మాట నిశ్చయముగా తెలియుటకు లోకమునకు వేల యేండ్లు పట్టినది.

బోదకాలు మన దేశమునకు క్రొత్తది కాదు. ఆయుర్వేదమున దీనికి శ్లీపదమని పేరు. పాతనీరు విస్తారముగా నిలిచి, అన్ని ఋతువులయందును చల్లగా నుండు దేశములందే యీ వ్యాధి హెచ్చుగా పుట్టునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. నిలువనీటికిని కాలివాపునకును సంబంధము గలదని ఆ పెద్దలు కనిపెట్టిరి. నడుమ నున్న దోమను కనిపెట్టలేకపోయిరి. సూక్ష్మదర్శిని లేని కాలమున అది వారి దోషము కాదు. వారు చూచిన నీటిని మఱచి, ఆ వ్యాధికి శాపమును పూర్వజన్మపాపమును అంటగట్టుట మాత్రము మన దోషమే.

1872లో కలకత్తాలో లూయిస్ అను వైద్యుడు మనుష్యుని రక్తమున మిక్కిలి సన్నని పురుగులు కదలుచుండుట చూచెను. అయిదేండ్లకు, అనగా 1877లో, చీనాదేశపు ఆమోయ్ రేవున పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు, రక్తమున నా పురుగులున్న తన తోటమాలిని దోమలచే కఱపించి, ఆ దోమలను కోసి పరీక్షింపగా, వాని దేహములో పురుగులు పెరుగుచుండెను. మనుష్యరోగమును కలిగించు జీవి యొక కీటకములో పెరుగునని కన్నులార చూచుట అదియే మొదలు. ఈ పురుగుల పిల్లలు పగలెల్ల లోపలి యవయవములందు దాగి, రాత్రివేళనే వెలిరక్తమున సంచరించునని కనిపెట్టినవాడును మాన్సనే. నేటికిని బోదకాలు పరీక్షకు వచ్చువారు రాత్రి ప్రొద్దుపోయిన తరువాత తలుపు తట్టి వ్రేలినుండి రక్తము తీసికొనుటకు కారణ మిదియే. ఆ వేళకు వచ్చినారని వారిని కసరువారికి ఈ సంగతి తెలియదు.

ఇంత చూచిన మాన్సనునకును ఒక పొరపాటు తప్పలేదు. దోమ యొక్కమాఱు మాత్రమే రక్తము త్రాగి నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవానికి రోగము సోకుననియు ఆయన తలచెను. ఇరువది యేండ్లకు పైగా ఆ తలంపు నిలిచెను. 1900వ సంవత్సరమున జార్జి కార్మైకేల్ లో అను వైద్యుడు దోమతొండములోనే పురుగును చూచి, కాటుద్వారమునే అది మనుష్యుని చేరునని స్థిరపఱచెను. నీటిని కాచి త్రాగుట మంచిదే కాని, బోదకాలునకు అది కాపుదల కాదు. గొప్ప బుద్ధిమంతుడును సగము సత్యము కనుగొని మిగిలిన సగమున పొరపడవచ్చును. దానిని దిద్దువానికి చోటిచ్చుటలోనే శాస్త్రముయొక్క గొప్పతనమున్నది.

ఈ నడుమనే మన సికిందరాబాదు లోకప్రసిద్ధి కెక్కినది. మాన్సను ప్రోత్సాహముతో మలేరియాను శోధించుచున్న రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు, నీటిలోని పిల్లపురుగులనుండి తాను పెంచిన దోమలను 1897 ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిపై విడిచి, కాటునకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పెను. ఆగస్టు 20వ తేదీన ఆ దోమలలో నొకదానిని కోసి చూడగా, దాని కడుపుగోడలో మలేరియా జీవి కానవచ్చెను. మఱుసటి యేట కలకత్తాలో పక్షులపై శోధించి, ఆ జీవి దోమ లాలాజలమున చేరి కాటుతో బయటపడునని చూపెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆగస్టు 20వ తేదీ నేడు ప్రపంచ దోమల దినముగా ఎన్నబడుచున్నది. బేగంపేటనుండి జగిత్యాలకు రెండువందల కిలోమీటర్లైనను లేదు. ఆ యెఱుక యీ కొంచెము దూరము నడచి మన గడపలకు వచ్చుటకు మాత్రము యాబది యేండ్లకు పైగా పట్టినది. కొన్ని గడపలకు ఇంకను రాలేదు.

దోమ తెలిసినది, మందు తెలియలేదు. ఆ మందు తెచ్చినవాడు తెలుగువాడు. 1895 జనవరిలో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు సంగ్రహణియను జబ్బుచే తోబుట్టువులను పోగొట్టుకొని, వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికా చేరెను. మరల స్వదేశము చూడలేదు. 1940 మొదలు ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడపెను. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలోని అమెరికా సైనికులకు ఈ పురుగురోగము సోకగా, దానికి మందు వెదకుట యవసరమయ్యెను. 1947లో ఆయన పరిశోధకవర్గము డైఇథైల్ కార్బమజీన్ అను మందును ప్రకటించెను. డీఈసీ యని నేడు మన గ్రామాలలో పంచబడు గోలీ అదియే. మఱుసటి సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. ఆయన మందుచే కాలు నిలుపుకొన్నవారిలో ఆయన పేరెఱిగినవారెందఱు?

స్వతంత్రభారతమున 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమమును, 1955లో బోదకాలు నియంత్రణ కార్యక్రమమును మొదలయ్యెను. గోడలపై డీడీటీ చల్లిరి. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి ఏటేట ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకుచుండెననియు, ఎనిమిది లక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా. 1965 నాటికి రోగుల సంఖ్య లక్ష ప్రాంతమునకు దిగెను. అందఱును జయభేరి మ్రోగించిరి. కాని 1976లో మరల అది అఱువదినాలుగు లక్షలు దాటెను.

ఈ యోటమిలో మన యిండ్ల పాలు కొంత గలదు. మందు చల్లిన గోడలను పండుగ రాగానే మట్టితోను పేడతోను అలికినచో, ఆ మందు అలుకుక్రింద సమాధియగును. మొదట డీడీటీ దెబ్బకు నల్లులును చచ్చుటచే జనులు సంతోషముతో తలుపులు తెఱచిరి. కొన్నియేండ్లకు నల్లులు ఆ మందునకు అలవాటుపడి చావక నిలువగా, ఇక దీనితో పనియేమని తలుపులు మూసిరి. దోమలును అట్లే మందునకు తట్టుకొనుట నేర్చెను. మందు ఏటేట బలహీనమైనది. దోమ పుట్టు నీరు మాత్రము ఎక్కడిదక్కడనే యున్నది. ఇంటిలో పెద్దలు నేర్పిన అలుకును, ప్రభుత్వము చల్లిన మందును ఒకదాని నొకటి చెఱచినవి గాని, ఒకరి మాట యొకరికి విడమఱచి చెప్పినవారు తక్కువ.

ఇక మన మూడు పట్టణములకు వత్తము. జగిత్యాలలో పదునెనిమిదవ శతాబ్దమున నిర్మించిన నక్షత్రాకారపు కోటయు, దాని చుట్టు కందకమును గలవు. శత్రువు రాకుండుటకు మనుష్యుడు నీటిని కాపలా పెట్టిన గుర్తు అది. దోమ యను శత్రువునకు ఆ నీరే పురుటిల్లు. నేడు మన పట్టణములలో ప్రతియింటి చుట్టును ఒక చిన్న కందకమున్నది. దానికి మురుగుకాలువ యని పేరు. బోదకాలు దోమ మురికినీటిలోనే గ్రుడ్లు పెట్టును. మలేరియా దోమ పొలములందును బావులందును గల తేటనీటిని కోరును. డెంగీని, చికున్‌గున్యాను తెచ్చు దోమ ఇంటిలోని గోలెములను, కూలర్లను, పాతటైర్లను ఆశ్రయించి, పట్టపగలు కఱచును. 2005-06లో చికున్‌గున్యా ఉమ్మడి ఆంధ్రప్రదేశమున విజృంభించి కీళ్లను పట్టివేసిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును. దోమయని మనము ఒక్క పేరుతో పిలుచునది మూడు జాతులు. మూడింటికి మూడు విధముల నీళ్లు.

సిరిసిల్ల నేతపట్టణము. గుంటమగ్గపు గుంటలో కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండు నేతగానికి చీకటియు చెమ్మయు నిత్యసహవాసులు. దోమలు దాగుటకు ఆ గుంటకంటె మంచి చోటు లేదు. చేతులవలెనే కాళ్లును అతనికి అన్నము పెట్టునవి. మగ్గపు తొక్కుడుకఱ్ఱపై ఆనవలసిన పాదము ఏనుగుపాదమైనచో ఆ కుటుంబము గతియేమి? కోరుట్ల, జగిత్యాల ప్రాంతములందును, సిరిసిల్లలోను, చాట ఒడిలో పెట్టుకొని తునికాకు చుట్టి బీడీలు చేయు స్త్రీలు వేలకొలదిగా గలరు. పగటి యింటిపని ముగిసిన తరువాత దీపపు వెలుతురున వారు పనిచేయు వేళయు, ఆ దోమ కఱచు వేళయు ఒకటే. రెండు చేతులును పనిలో నుండగా దోమను తోలుటకు మూడవచేయి లేదు.

ఉమ్మడి కరీంనగరు జిల్లా బోదకాలు పీడిత జిల్లాలలో నొకటిగా గుర్తింపబడినది. 2004 మొదలు దేశమున ఇట్టి జిల్లాలన్నింటను ఏటికొకమాఱు అందఱికిని గోలీలు పంచుట ఆరంభించిరి. రెండేండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, మిక్కిలి జబ్బుతో నున్నవారికి తప్ప ఊరంతటికి ఇవ్వవలెనని నియమము. కొన్నియేండ్ల క్రిందట కోరుట్లలో ఒక అరుగుపై మేము కూర్చుండియుండగా, గోలీలు తెచ్చిన ఆరోగ్యకార్యకర్తతో బీడీలు చుట్టుచున్న ముసలమ్మ యొకతె యిట్లనెను: "రోగం లేనోళ్లకు గోలీలెందుకు బిడ్డా? పోయినేడు మింగితె తల తిరిగింది." ఆ పిల్ల, "మింగవె అవ్వా, సార్లు తిడ్తరు" అని బదులు చెప్పి, గోలీలు అరుగుపైనే పెట్టి వెడలిపోయెను. ఆమెకు ఇంక నెన్నియో యిండ్లు మిగిలియుండెను. ఆమె తప్పు లేదు. గోలీలు మాత్రము అరుగుపైననే యుండిపోయినవి.

ఆ ముసలమ్మ ప్రశ్న మూర్ఖమైనది కాదు. బదులు చెప్పవలసిన ప్రశ్న. బదులిది: పురుగు దేహమున చేరిన పిమ్మట ఆఱెనిమిది యేండ్లు బ్రదుకును. ఆ కాలమున మనకు ఏ బాధయు తెలియకపోవచ్చును. మన రక్తమునుండి మాత్రము పురుగుపిల్లలు దోమకును, దోమనుండి పొరుగింటి బిడ్డకును పోవుచుండును. కాలు వాచిన నాటికి హాని జరిగిపోయినది. ఆ వాపును గోలీ వెనుకకు త్రిప్పలేదు. కావున రోగము కానరానివాడు మ్రింగుటయే దీనిలోని కీలకము. ఏటికొకమాఱు ఊరంతయు మ్రింగినచో, దోమకు త్రాగుటకు పురుగున్న రక్తము దొరకదు. కొన్నియేండ్లకు ఆ గొలుసు తెగును. ఇక తల తిరుగుట, జ్వరము తగులుట పలుమాఱులు పురుగుపిల్లలు చచ్చుటచే కలుగునవి. ఒకటి రెండు దినములలో తగ్గును. అన్నము తిన్న తరువాత మ్రింగవలెను. ఇంతమాట ఆ అరుగుపై ఎవరైనను చెప్పియుండినచో! చదువుకొన్న మేము ఆ దినమున ఏల నూరకుంటిమని తరువాత చాలకాలము సిగ్గుపడితిమి. ఈ వ్యాసమునకు ఆ సిగ్గే మొదలు.

మఱియొక సంగతి. ఇంటి శుభ్రతయనగానే మనము గృహిణివైపు చూతుము. నీరు తోడుటయు, గోలెము కడుగుటయు, మంచము దులుపుటయు, పొగ వేయుటయు ఆమె పనులే. బిడ్డకు జ్వరము వచ్చినచో నిందయు ఆమెదే. ఇది న్యాయము కాదు. ఆమె యింటిలోని గోలెమును కడుగగలదు గాని, వీధి మురుగుకాలువను కడుగలేదు. గల్ఫుదేశముల సంపాదనతో ఈ ప్రాంతమున ఎన్నియో క్రొత్తయిండ్లు లేచినవి. వానిలో మరుగుదొడ్లు కట్టినవారు మిక్కిలి మంచి పని చేసిరి. కాని ఆ మలపుతొట్టికి నిలిపిన గాలిగొట్టము పైకొనకు ఒక చిన్న వలగుడ్డ కట్టకపోవుటచే, ఆ తొట్టి వేలకొలది దోమలను రాత్రింబవళ్లు ఊరిమీదికి విడుచుచున్నది. మేడ కట్టినవానికి వలగుడ్డ కట్టుట భారమా? ఇది పురుషుడు నిచ్చెన యెక్కి ఒక ఘడియలో చేయవలసిన పని. కాలువను పాఱించుట పురపాలకసంఘము పని. పాఱనినాడు పోయి అడుగుట వీధివారందఱి పని. తేలును ఒకడు చంపగలడు. దోమను ఒక యిల్లు చంపలేదు, వీధి చంపవలెను.

బోదకాలు వచ్చినవారి విషయమున మన నడత ఇంకను మాఱవలసియున్నది. ఆ కాలుగల తల్లి కూతురును చేసికొనుటకు వెనుదీయువారున్నారు. పెండ్లిలో వెనుకవరుసన, గోడచాటున కూర్చుండు మేనత్తలు మన బంధువర్గములందే యున్నారు. ఈ వ్యాధి వంశమున రాదు; తాకుటచే రాదు; దోమకాటుచే మాత్రమే వచ్చును. రోగి కాలిని ప్రతిదినము సబ్బుతో శుభ్రముగా కడిగి, వ్రేళ్లసందులు తడిలేకుండ తుడిచి, పుండ్లకు వెంటనే మందు పూసి, కూర్చుండునపుడు కాలు ఎత్తుగా నుంచుకొన్నచో, మాటిమాటికి వచ్చు జ్వరమును నొప్పియు చాలవఱకు తగ్గును. దీనికి కావలసినది ఖర్చు కాదు. ఇంటిలో నెవరైనను ఒకరు నీళ్లచెంబుతో ఆ కాలిచెంత కూర్చుండుట. ఆ కాలిని కడిగిన చేతికి ఏ దోషమును అంటదు.

గ్రుడ్డునుండి రెక్కలు వచ్చువఱకు మన యెండలలో దోమకు ఇంచుమించు వారము పది దినములు పట్టును. మన విజయమంతయు ఈ లెక్కలో నున్నది. వారమున కొక దినము గోలెములు, తొట్లు, కూలర్లు వంచి, తోమి, ఎండబెట్టినచో ఆ వారపు సంతానమంతయు నేలపాలగును. పూర్వము పేడయలుకునకు ఒక వారము నేర్పఱచుకొన్నవారికి, నేడు ఎండుగోలెమునకు ఒక వారము నేర్పఱచుకొనుట కష్టము కాదు. వంచరాని తొట్టికి మూత వేయవలెను. పాడుబావిలో దోమపిల్లలను తిను గంబూసియా చేపలను విడువవలెను. రాత్రి పసిబిడ్డపై దోమతెర వేయవలెను. గోలీలు వచ్చిన నాడు ఇంటిపెద్ద మొదట తాను అందఱి యెదుట మ్రింగవలెను.

2027 నాటికి బోదకాలును నిర్మూలింపవలెనని భారతప్రభుత్వము సంకల్పించినది. సంకల్పము ఢిల్లీలో చేయవచ్చును; గోలెము వంచవలసినది మన ముంగిటనే. సికిందరాబాదున ఒకడు దోమను కోసి చూచెను. భీమవరపు బిడ్డ యొకడు దూరదేశమున మందు కనిపెట్టెను. మిగిలిన పని చిన్నది, మనది. చదువరులు ఈ సంచికను మూసిన తరువాత ఒక్కమాఱు పెరటిలోనికి పోయి తమ గోలెములోనికి తొంగిచూతురు గాక. అందు తోకలాడించుచు ఏవైన కదలుచున్నచో, మేము వ్రాసినదానికి అవియే సాక్ష్యము.